ఇది నిజంగా జరిగిందా?



ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది, నాలాగే, మా బడి మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన పాఠం ఎలా చెప్పేవారో, పద్యం ఎలా చదివేవారో నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. అందుకని నేను ఒక్క సాయంత్రం గురించి చెప్పి నా విషయంలోకి వెళ్తాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన నా చేతికి ‘ఏడు తరాలు’ ఇచ్చారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980ల మొదట్లో వేసిన పుస్తకం. అప్పటికే ఎన్ని చేతులు మారిందో ఏమో, అట్ట ఊడిపోతే కేలండర్ కాగితం వేసి దారంతో కుట్టి ఉంది. మూడు రాత్రుల్లో చదివేశాను. నాలుగో రోజు బడి వదిలాక సైకిలు స్టాండు దగ్గర ఆయన్ని పట్టుకుని అడిగాను. “ఇది నిజంగా జరిగిందా మాస్టారూ?”

సైకిలు తాళం తీయబోతున్నవారల్లా ఆగారు. “ఏది జరిగిందా అంటున్నావు? కుంటా కింటే అని ఒక పిల్లాడు ఉండేవాడా అనా? అలాంటి పిల్లల్ని పట్టుకుని ఓడెక్కించారా అనా? ఆ ఓడ అడుగున పడుకున్నప్పుడు వాడి మనసులో అలాగే ఉందా అనా? మూడు ప్రశ్నలు కలిపేసి అడిగావమ్మాయ్. విడదీసుకో.”

నలభై ఏళ్లయింది. ఇప్పటికీ విడదీస్తూనే ఉన్నాను. ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో, ఒక బడి లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక బుక్ క్లబ్ ఉంది. బానిసత్వం మీద వచ్చిన చారిత్రక నవలలు వాళ్లతో కలిసి చదివినప్పుడల్లా ఎవరో ఒకరు అదే ప్రశ్న అడుగుతారు, అవే మాటల్లో. ఇంగ్లీషులో అడుగుతారు, అంతే తేడా.

మాస్టారు విడదీసిన మూడింటిలో మొదటిదానికి జవాబు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ‘రూట్స్’ 1976లో వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో ఎనిమిది రాత్రులు వరసగా టీవీలో చూపించారు, దేశమంతా కూర్చుని చూసింది. ఆ ఏడాదే పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు వచ్చింది. హేలీ అది తన వంశం కథేనన్నాడు. అయితే హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత, తన ‘ది ఆఫ్రికన్’ నవలలోని భాగాలు అందులోకి వచ్చాయని కోర్టుకెక్కాడు. 1978లో హేలీ ఆ సంగతి ఒప్పుకుని రాజీ పడ్డాడు. ఆ తర్వాత వంశవృక్షాలు పరిశోధించేవాళ్లు రికార్డులు తిరగేసి, హేలీ చెప్పిన వరసకూ కాగితాలకూ పొంతన కుదరడం లేదన్నారు. ఇది తెలిసిన రోజు నాకు ఇంట్లో మనిషి అబద్ధం చెప్పినట్టు బాధ కలిగింది.

రెండో ప్రశ్నకు జవాబు మాత్రం దీనివల్ల ఇసుమంత కూడా కదలలేదు. ఓడల ప్రయాణాల రికార్డులు దేశదేశాల నుంచి పోగుచేసి చరిత్రకారులు కట్టిన లెక్క ప్రకారం అట్లాంటిక్ మీదుగా ఆఫ్రికా నుంచి ఓడలెక్కించిన మనుషులు సుమారు 1 కోటి 25 లక్షలు. ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. ఈ రెండంకెల మధ్య తేడా చూడండి. సముద్రంలో పోయినవాళ్లు వాళ్లు.

మూడో ప్రశ్న, వాడి మనసులో ఏముందన్నది, కాగితాలకు దాదాపుగా అందదు. ఒలాడా ఈక్వియానో 1789లో, ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో, హారియెట్ జేకబ్స్ 1861లో తమ కథ తామే రాసుకున్నారు. కోట్లమందిలో అలా రాయగలిగినవాళ్లు ఎందరు? మిగిలినవాళ్ల గురించి మనకున్నది వాళ్లను కొన్నవాళ్లు రాసుకున్న చిట్టా. వయసు, బలం, ధర. ఆ చిట్టాలో భయానికి గడి లేదు. అక్కనుంచి చెల్లెల్ని విడదీసిన పూట ఎలా గడిచిందో రాయడానికి గడి లేదు. నవలాకారుడు చేసే పని ఆ లేని గడి గీసి, అందులో రాయడం. అది కల్పన. అది లేకపోతే ఆ మనిషి ధరగానే మిగిలిపోతాడు. కాబట్టి పిల్లలకు ఈ నవలలు చదివించాలి, చదివించేటప్పుడు ఆ చిట్టాను కూడా పక్కనే ఉంచి చదివించాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా ఈ పని చేస్తూ నేను ఎక్కడ తప్పటడుగు వేశానో, పిల్లలు నన్ను ఎక్కడికి తీసుకుపోయారో చెప్పడమే.

2019 చలికాలంలో మా క్లబ్బు పిల్లలు ఎంచుకున్న నవల లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన ‘చెయిన్స్’. సంకెళ్లు. 2008లో వచ్చింది, పిల్లల చారిత్రక నవలలకిచ్చే స్కాట్ ఓడెల్ పురస్కారం పొందింది. కథ 1776లో మొదలవుతుంది. అమెరికన్లకు అది పండుగ సంవత్సరం, స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడు. ఇసబెల్ అనే పదమూడేళ్ల అమ్మాయి, ఆమె చెల్లెలు రూత్, రోడ్ ఐలండ్‌లో ఒక ముసలామె ఇంట్లో బానిసత్వంలో ఉంటారు. తను పోయాక ఈ పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వాలని ఆ ముసలామె వీలునామా రాసింది. ఆమె పోయింది. కాగితం వకీలు దగ్గరుంది, వకీలు బాస్టన్‌లో ఉన్నాడు, మధ్యలో యుద్ధం ఉంది. వారసుడు ఆ కాగితం కోసం ఆగలేదు. పిల్లలిద్దర్నీ న్యూయార్క్ దంపతులకు అమ్మేశాడు. ఆ ఇంటి యజమానురాలు ఇసబెల్ పేరు కూడా తీసేసి ‘శాల్’ అని పిలవడం మొదలుపెడుతుంది.

ఇసబెల్‌కు చదవడం వచ్చు. వీలునామాలో తన పేరుందని కూడా తెలుసు. అయినా ఆ చదువు ఆ నాడు ఆమెను కాపాడలేదు. మా పిల్లలు మొదట ఆగింది ఇక్కడే. కాగితం మీద ఉన్నది ఎలా చెల్లకుండా పోతుందని గట్టిగా వాదించారు. అమెరికాలో మధ్యతరగతి ఇళ్లలో పెరిగిన పిల్లలకు కాగితం మీద చాలా నమ్మకం. చూపించడానికి కాగితమే చేతికి రాకపోతే చట్టం ఎవరికి పనికొస్తుందన్నది వాళ్లకు అప్పుడే తట్టింది.

ఈ నవలలో ఒక ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ప్రతి అధ్యాయం నెత్తిన ఆ కాలపు ఉత్తరంలోంచో, డైరీలోంచో, పత్రికలోంచో తీసిన నాలుగు ముక్కలు ఉంటాయి. అవి అసలైనవి. కింద ఉన్నది కల్పన. పిల్లలు పైనున్నది వదిలేసి కింద కథలోకి దూకుతారు. నేను ఒక నియమం పెట్టాను. చర్చ మొదలయ్యే ముందు ఆ రోజు అధ్యాయాల నెత్తిన ఉన్నవన్నీ ఎవరో ఒకరు పైకి చదవాలి. గీతకు పైన ఏముంది, కింద ఏముంది అన్నది కంటికి అలవాటవుతుంది. మాస్టారు విడదీసుకోమన్నది ఇదే కదా అనిపించేది.

నవల సగంలో ఇసబెల్ పారిపోబోయి దొరికిపోతుంది. బుగ్గ మీద కాల్చి అక్షరం ముద్ర వేస్తారు. పొగరుబోతు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. ఆ అధ్యాయం చదివి వచ్చిన రోజు గదిలో ఎవరూ భోజనానికి తెచ్చుకున్న శాండ్‌విచ్ విప్పలేదు. ఒక కుర్రాడు అడిగాడు, ఇది నిజంగా జరిగిందా అని.

ఆ రోజు నేను పారిపోయినవాళ్ల కోసం వేసిన ప్రకటనలు చూపించాను. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా పత్రికల నిండా ఇవే. ఫలానా తేదీన నా దగ్గర్నుంచి పారిపోయాడు, పట్టిచ్చినవారికి ఇంత బహుమతి. ఆనవాలు కోసం వర్ణన ఉంటుంది. కోటు రంగు, నడక తీరు, ఒంటి మీద మచ్చలు, కొన్నిటిలో కాల్చిన ముద్రలు. ఆ మచ్చ ఎవరు చేశారో రాయరు. ఇలాంటివి వేలకొద్దీ పోగుచేసి కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అందరికీ అందుబాటులో పెట్టారు. ఇవి చదువుతుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. యజమాని తన సొత్తు వెనక్కి రావాలని రాశాడు. కానీ గుర్తుపట్టేలా రాయాలి కాబట్టి, తనకు ఇష్టం లేకపోయినా, ఒక మనిషిని వర్ణించక తప్పలేదు. చదవడం రాయడం వచ్చు, ఫిడేలు వాయిస్తాడు, మాటకారి, స్వేచ్ఛగా ఉన్నవాడినని నమ్మించగలడు. చిట్టాలో ధరగా మిగిలినవాడు ఇక్కడ ఒక్కసారిగా తలెత్తి నిలబడతాడు.

1796లో ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంటి నుంచి ఓనా జడ్జ్ అనే యువతి వెళ్లిపోయింది. ఆ ఇంటి తరఫున పత్రికలో వేసిన ప్రకటనలో ఆమె ముఖం మీద మచ్చలు, నల్లని కళ్లు, ఒత్తయిన జుట్టు, పది డాలర్ల బహుమతి అన్నీ ఉన్నాయి. ఆమె వెళ్లిపోవడానికి కారణమేమీ లేదన్న మాట కూడా ఉంది. మా పిల్లలు ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. బానిసత్వమే కారణమన్నది రాసినవాడికి తట్టనేలేదు. ఓనా జడ్జ్ మళ్లీ పట్టుబడలేదు. న్యూహాంప్‌షైర్‌లో బతికి, 1848లో చనిపోయింది. ముసలితనంలో పత్రికలవాళ్లు వెతుక్కుంటూ వెళ్తే తన కథ తనే చెప్పింది. పేదరికంలో బతికినా వెళ్లిపోయినందుకు చింత లేదంది. చట్టం లెక్కలో చనిపోయేదాకా ఆమె పారిపోయిన సొత్తే.

ఇవేవీ లేకుండా కథ ఒక్కటే పిల్లల చేతికిస్తే ఏమవుతుందో 2016లో అందరం చూశాం. అదే వాషింగ్టన్ ఇంటి వంటవాడు హెర్క్యులిస్, కూతురితో కలిసి నవ్వుతూ పుట్టినరోజు కేకు చేసే బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. విమర్శలు వెల్లువెత్తాయి. రెండు వారాలు తిరక్కముందే ప్రచురణకర్తలు వెనక్కి తీసుకున్నారు. వంటలో ఆయనకున్న ప్రావీణ్యం నిజమే, అందుకు ఆయన గర్వపడి ఉండవచ్చు కూడా. కానీ ఆ హెర్క్యులిస్ 1797లో, సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజునాడే, మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయాడు. ఆ ఒక్క సంగతి చెప్పకుండా చిన్నపిల్లలకు ఆ నవ్వు చూపించడం నా దృష్టిలో అన్యాయం.

ఇక నా తప్పు గురించి.

ముద్ర వేసిన అధ్యాయం చర్చించిన రోజున ఆ గదిలో పదకొండు మంది పిల్లలున్నారు. నల్లజాతి పిల్ల ఒక్కతే. మాటలు ఆగిపోయిన ఒక క్షణంలో నేను ఆమె వైపు తిరిగి, “నీకేమనిపించింది?” అని అడిగాను. మంచి మనసుతోనే అడిగాను. పది తలలు ఒక్కసారి అటు తిరిగాయి. ఆ పిల్ల పుస్తకం మూసి, ఇంకా అంతదూరం చదవలేదంది. చదివిందని నాకు తెలుసు, పేజీల మధ్య ఆమె పెట్టుకున్న రంగు చీటీలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. తర్వాతి సమావేశానికి రాలేదు. నేను ఫోన్ చేస్తే వాళ్లమ్మ కోపం లేకుండానే ఒక మాటంది. “మా అమ్మాయి పుస్తకం చదవడానికి వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి రాలేదు.”

ఈ మాట మీ ముందు చెప్పడానికి కారణముంది. మన బడుల్లో అంటరానితనం మీద పాఠం వచ్చిన రోజు తరగతిలో తలలు ఎవరి వైపు తిరుగుతాయో ఇక్కడున్న ఉపాధ్యాయులకు తెలుసు. ఆ పిల్లవాడు ఆ గంటసేపు ఎక్కడ చూడాలో తెలియక పుస్తకంలోకి చూస్తాడు. అతని కోసమని మనం చెప్పే పాఠాన్ని అతనొక్కడే మోస్తాడు. అమెరికాలో కొన్ని బడుల్లో ఇంకా దారుణంగా, పిల్లల చేత బానిసల వేలం ఆడించి వార్తలకెక్కారు. అనుభవించి తెలుసుకుంటారని ఆ టీచర్లు అనుకున్నారట. అలా ఆడితే తెలిసేది అవమానం ఒక్కటే. నవల ఉన్నది అందుకే కదా. నిన్ను నిలబెట్టి వేలం వేయకుండానే, నీకు వీలైనంత మేరకు, నీ ఒంటరితనంలో, ఇసబెల్ పక్కన నిన్ను నడిపిస్తుంది. కన్నీళ్లొస్తే పేజీ అడ్డుపెట్టుకోవచ్చు.

ఆ అమ్మాయిని తిరిగి తెచ్చింది నేను కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూసేశారు. క్లబ్బు కంప్యూటర్ తెరల మీదికి మారింది. నాకు అది మొదట దెబ్బలాగే అనిపించింది. పదకొండు చిన్న చతురస్రాల్లో సగం కెమెరాలు ఆపేసి ఉండేవి. మాట్లాడమంటే ఎవరూ మాట్లాడరు. చివరికి అందరూ కలిసి రాసుకునే ఒక డాక్యుమెంటు తెరిచి, ఎవరికి ఏం తోస్తే అది అందులో రాయమన్నాను. పేర్లు పెట్టక్కర్లేదన్నాను. అప్పుడు రాశారు. గదిలో గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి వెనక మిగిలినవాళ్లు ఎంత ఆలోచించారో అప్పుడు తెలిసింది. ఒకరు రాసిన దాని కింద ఇంకొకరు రెండు రోజులు ఆలోచించి జవాబు రాసేవారు. ఎవరి ముఖం వైపూ ఎవరూ తిరిగే పని లేదు. మూడో వారంలో కెమెరా లేని ఒక చతురస్రం కొత్తగా వచ్చి చేరింది. ఆమేనని పేరు చూసి గుర్తుపట్టాను. ఈసారి ఏమీ అడగలేదు.

ఆ డాక్యుమెంటులో జరిగిన చర్చల్లో నాకు బాగా గుర్తున్నది ఒక లెక్క. అట్లాంటిక్ దాటించిన వాళ్లలో ఇప్పటి అమెరికా నేలకు నేరుగా చేరినవాళ్లు సుమారు 3,88,000 మంది మాత్రమే. ఎక్కువ మందిని బ్రెజిల్‌కూ కరీబియన్ దీవులకూ తీసుకుపోయారు. 1860 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసత్వంలో ఉన్నవాళ్లు 39,53,760 మంది. ఒక పిల్లవాడు, లెక్కల్లో చురుకైనవాడు, ఇందులో ఏదో ఒకటి తప్పు అని రాశాడు. 1808 నుంచి బయటి నుంచి తేవడం నిషేధం కదా, పదింతలు ఎలా అయ్యారని. రెండు రోజులు ఎవరూ జవాబివ్వలేదు. మూడో రోజు ఆ కెమెరా లేని అమ్మాయి ఒక్క ముక్క రాసింది. పుట్టారు.

పుట్టారు. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు. బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే ఉంటుందని. తండ్రి స్వేచ్ఛాజీవి అయినా, యజమానే అయినా, తల్లి బానిసైతే బిడ్డ బానిసే. మిగతా కాలనీలూ ఆ దారే పట్టాయి. ఆడవాళ్ల కడుపుల మీద కట్టిన ఆస్తి అది. ఈ సంగతి పదమూడేళ్ల పిల్లలకు ఎంతవరకు చెప్పాలో నాకు ఎప్పుడూ తేలదు. ఆ రోజు చట్టం చెప్పి ఆగాను. మిగిలింది వాళ్లు ఎంతవరకు అర్థం చేసుకోగలరో అంతవరకు చేసుకున్నారు.

క్లబ్బులో ఒక తెలుగు అబ్బాయి ఉన్నాడు. ఆ వేసవికి వెళ్లిపోవాల్సిన వాళ్ల అమ్మమ్మ విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. మనవడి గదిలోంచి వచ్చే మాటలు వంటింట్లోంచి వింటూ ఉండేది. ఒకరోజు అడిగిందట, “బానిసలు బానిసలంటున్నారు, దేనికి బానిసలురా?” అబ్బాయికి నవ్వొచ్చి నాకు చెప్పాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న పట్టుకుంది. ఇవాళ మన వాడుకలో బానిస అంటే మందుకు బానిస, సిగరెట్టుకు బానిస, ఫోనుకు బానిస. అలవాటుకు లొంగినవాడు. తప్పు అతనిదే అన్న ధ్వని అందులో ఉంది. ఇంకో వైపు దాసుడన్న మాటను భక్తులు తమంతట తామే పెట్టుకుని మురిసిపోయారు. ఈ రెంటి మధ్యా, ఒక మనిషిని ఇంకొకరు బలవంతంగా పట్టి, కొని, కొట్టి ఉంచారన్న అర్థం పలచబడిపోయింది.

అమెరికాలో ఈ మధ్య చాలామంది ‘స్లేవ్’ అనడం తగ్గించి ‘ఎన్‌స్లేవ్డ్ పర్సన్’ అంటున్నారు. తెలుగులో నేను బానిసత్వంలో ఉంచిన మనిషి అంటాను. పొడుగే. కానీ ‘ఉంచిన’ అనగానే ఎవరు ఉంచారన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. మాటలు మారిస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. 2015లో టెక్సస్‌లో వాడిన ఒక భూగోళ పాఠ్యపుస్తకంలో, ఆఫ్రికా నుంచి లక్షల మందిని తోటల్లో పనికి తెచ్చారని చెప్పే చోట వాళ్లను ‘పనివాళ్లు’ అని రాశారు. ఒక విద్యార్థి అది ఫొటో తీసి తల్లికి పంపాడు. ఆమె బయటపెట్టాక ప్రచురణకర్తలు దిద్దుకున్నారు. ఒక్క మాట మారితే ఒక నేరం ఉద్యోగమైపోతుంది.

అమ్మమ్మ అడిగినదాని గురించి మాట్లాడుకున్నాక ఆ అబ్బాయి ఇంకో ప్రశ్న వేశాడు. ఈ కథలో మనం ఎక్కడున్నామని. ఈ ఊళ్లో పుట్టినదాన్ని, నాకు జవాబు దగ్గర్లోనే ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీవాళ్లు మన కోరమాండల్ తీరం నుంచి, ముఖ్యంగా కరువు కాలాల్లో, ఆకలితో ఉన్న మనుషులను కొని తమ వలస పట్టణం బటావియాకు ఓడల్లో తీసుకుపోయారు. తర్వాత బ్రిటిష్‌వాళ్లు 1833లో తమ సామ్రాజ్యంలో చాలాచోట్ల బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేశాక, చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి మన దేశం వైపు చూశారు. 1834 నుంచి మారిషస్‌కు, 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మీద దక్షిణాఫ్రికా నాటాల్‌కు, కాంట్రాక్టు మీద కూలీలను తీసుకుపోయారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది.  అయితే అబ్బాయికి ఒకటి గట్టిగా చెప్పాను. కాంట్రాక్టు కూలీ బతుకు ఎంత ఘోరమైనా అది బానిసత్వం కాదు. గడువుంది, కూలి ఉంది, పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి కాదు. మన బాధ చెప్పడానికి వాళ్ల మాట అరువు తెచ్చుకోకూడదు.

నవల చివరికి వద్దాం. ఇసబెల్ తన యజమాని ఇంట్లోనే ఒక ఖాళీ పాస్ కాగితం సంపాదించి, దాని మీద తన పేరు తనే రాసుకుంటుంది. శాల్ కాదు, ఇసబెల్. ఇంటిపేరు కూడా తనే పెట్టుకుంటుంది. కాగితం లేక అమ్ముడుపోయిన పిల్ల, కాగితం తనే రాసుకుని బయటపడింది. ఖైదులో చావుకు దగ్గరైన స్నేహితుడు కర్జన్‌ను విడిపించి, చలికాలపు రాత్రి హడ్సన్ నదిలో పడవ వేసుకుని చేతులు పగిలేలా తెడ్డు వేస్తుంది. తెల్లవారేసరికి అవతలి ఒడ్డు చేరుతుంది.

ఆ ఒడ్డు న్యూజెర్సీ. మా ఒడ్డు. మా పిల్లలు డాక్యుమెంటులో చప్పట్ల గుర్తులు పెట్టారు. మన దగ్గరికి వచ్చేసింది, ఇక భయం లేదని ఒకరు రాశారు.

ఇక్కడ నేను కథ పక్కన కాగితాలు ఉంచక తప్పలేదు. 1777లో న్యూజెర్సీ స్వేచ్ఛాభూమి కాదు. 1800లో అక్కడ బానిసత్వంలో ఉన్నవాళ్లు 12,422 మంది. ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వం రద్దుకు అందరికన్నా ఆలస్యంగా చట్టం చేసింది మా రాష్ట్రమే, 1804లో. ఆ చట్టం కూడా అప్పటికే ఉన్నవాళ్లను విడిచిపెట్టలేదు. ఆ ఏడాది జులై 4 తర్వాత పుట్టిన పిల్లలకు మాత్రమే, అదీ ఆడపిల్లకు 21 ఏళ్లు, మగపిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా తల్లి యజమాని దగ్గరే చాకిరీ చేశాక, స్వేచ్ఛ అన్నారు. 1846లో బానిసలన్న మాట తీసేసి, జీవితాంతం అప్రెంటిస్‌లన్నారు. 1860 జనాభా లెక్కల్లో ఇంకా 18 మంది అలా ఉన్నారు. బానిసత్వాన్ని దేశమంతటా నిషేధించే 13వ రాజ్యాంగ సవరణను 1865లో మా శాసనసభ తిరస్కరించింది. 1866 జనవరిలో, అది అప్పటికే అమల్లోకి వచ్చేశాక, ఒప్పుకుంది. 2008లో క్షమాపణ తీర్మానం చేసింది.

పిల్లలకు కోపం వచ్చింది. నా మీద కాదు, ఇన్నేళ్లు తమకు చెప్పని పెద్దల మీద. నల్లజాతి చరిత్ర బడుల్లో బోధించాలని మా రాష్ట్రంలో 2002లోనే చట్టం చేశారు. అయినా ఎనిమిదో తరగతి వచ్చేదాకా ఆ పిల్లల్లో ఒక్కరికీ ఈ సంగతి చేరలేదు. బానిసత్వం అంటే ఎక్కడో దక్షిణాదిన పత్తి చేలలో జరిగిందని వాళ్లు అప్పటిదాకా అనుకున్నారు. కథల్లో పారిపోయి బయటపడినవాళ్లే ఎక్కువ. అది కథల బలహీనత. నది దాటినా ఎక్కడికీ చేరనివాళ్లే చరిత్రలో ఎక్కువ.

1804 చట్టం ప్రకారం యజమానులు తమ బానిసలకు పుట్టిన పిల్లల వివరాలు కౌంటీ గుమస్తా దగ్గర నమోదు చేయించాలి. మన్మత్ కౌంటీలో అలాంటి రిజిస్టరు ఒకటి 1804 నుంచి 1848 వరకు ఉన్నది దొరికింది. చివరి సమావేశానికి దాని పేజీలు కొన్ని తెర మీద పెట్టాను. యజమాని పేరు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, కొన్ని చోట్ల తల్లి పేరు. ఏమీ అడగలేదు. ఎవరికి నచ్చిన వరస వాళ్లను తీసుకోమన్నాను.

ఆ కెమెరా లేని అమ్మాయి ఒక ఆడపిల్ల పేరున్న వరస ఎంచుకుంది. ఆ పిల్లకు 21 ఏళ్లు ఏ సంవత్సరానికి నిండుతాయో లెక్కకట్టి రాసింది. తర్వాత, మరి వాళ్లమ్మకో అని అడిగింది. తల్లి చట్టానికి ముందే పుట్టింది కాబట్టి ఆమెకు అది వర్తించదని రాశాను. చాలాసేపు కర్సర్ కదలలేదు. ఆ తర్వాత ఆమె ఒక కొత్త పేజీ తెరిచి, నెత్తిన ఆ రిజిస్టరులోని వరసను ఉన్నదున్నట్టు ఎత్తి రాసింది. దాని కింద ఒక గీత గీసింది. ఆ రోజుకు కింద ఇంకేమీ రాయలేదు.

వారం తర్వాత చూస్తే గీత కింద పేజీ నిండిపోయి ఉంది. కూతురికి 21 నిండిన రోజు ఉదయం ఆ తల్లి ఏం చేసిందో రాసింది. ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుకుంటోంది. ఆ పేజీ ఒకటి అచ్చు తీసి నా దగ్గర దాచుకున్నాను, ఈ ప్రయాణంలో కూడా నా సంచీలోనే ఉంది. ఆమెను అడగలేదు కాబట్టి ఇక్కడ చదవను.